ఆకలి ఎవరి పద్దు? రెండు యుద్ధాల మధ్య కెనడా

1930 ఏప్రిల్ 3న కెనడా పార్లమెంటు దిగువ సభలో నిరుద్యోగంపై చర్చ జరిగింది. న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలి అప్పటికి ఐదు నెలలు దాటింది. పశ్చిమ మైదానాల్లో గోధుమ నిల్వలు అమ్ముడుపోక పేరుకుపోతున్నాయి. నగరాల్లో పని వెతుక్కునేవారి సంఖ్య పెరుగుతోంది. రాష్ట్రాలను కేంద్రం ఆదుకోవాలని ప్రతిపక్షం పట్టుబట్టినప్పుడు లిబరల్ ప్రధాని మెకంజీ కింగ్ సహనం కోల్పోయారు. తమ విధానాలకు పూర్తి విరుద్ధంగా నడిచే టోరీ రాష్ట్ర ప్రభుత్వాలకు నిరుద్యోగం పేరిట ఐదు సెంట్ల నాణెం కూడా ఇవ్వబోనని ప్రకటించారు.

కింగ్ కార్మికుల కష్టాలు తెలియని నాయకుడు కాదు. హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందారు. 1909లో కార్మిక మంత్రి అయ్యారు. పారిశ్రామిక సంబంధాలపై 1918లో ఒక గ్రంథమే రాశారు. పైగా ఆయన వాదనకు రాజ్యాంగపరమైన ఆధారం కూడా ఉంది. కెనడా రాజ్యాంగమైన 1867 నాటి బ్రిటిష్ నార్త్ అమెరికా చట్టం ప్రకారం పేదల పోషణ ప్రావిన్సుల బాధ్యత. ప్రావిన్సులంటే మన పరిభాషలో రాష్ట్రాలు. రాష్ట్రాలేమో ఆ బాధ్యతను పురపాలక సంఘాలకు అప్పగించాయి. ఏ రూపంలోనైనా పన్ను వేసే అధికారం మాత్రం కేంద్రానిది. రాష్ట్రాలకు మిగిలినవి ప్రత్యక్ష పన్నులే.

అదే సంవత్సరం జులై 28న జరిగిన ఎన్నికల్లో కింగ్ ఓడిపోయారు. ఆ ఐదు సెంట్ల మాట వెనుక ఉన్న ప్రశ్న మాత్రం ఆయనతో పాటు గద్దె దిగలేదు. ఆకలిగొన్న పౌరుడి బాధ్యత ఏ ప్రభుత్వానిది? ఆర్థిక మహా మాంద్యం ప్రపంచమంతటినీ కుదిపింది. కానీ కెనడాలో అది అంత దీర్ఘంగా, అంత క్రూరంగా పరిణమించడానికి గోధుమ ధర, అనావృష్టి మాత్రమే కారణం కాదు. డబ్బు ఒకరి దగ్గర, బాధ్యత మరొకరి నెత్తిన ఉండటం మూడో కారణం. సమాఖ్య వ్యవస్థలో జీవిస్తున్న మనం ఆ చరిత్రను ఒకసారి పరిశీలించడం అవసరం.

యుద్ధం మిగిల్చిన పేచీ

మాంద్యానికి పదేళ్ల ముందే కెనడా రాజకీయాల్లో పగుళ్లు మొదలయ్యాయి. సుమారు 80 లక్షల జనాభా ఉన్న దేశం మొదటి ప్రపంచ యుద్ధంలో 60 వేల మందికి పైగా సైనికులను కోల్పోయింది. 1917 నాటి నిర్బంధ సైనిక సేవ ఫ్రెంచి భాషీయుల క్యుబెక్‌ను మిగతా దేశానికి దూరం చేసింది. తాత్కాలికమని చెప్పి ప్రవేశపెట్టిన ఆదాయపు పన్ను శాశ్వతమైంది. ధరలు పెరిగాయి, వేతనాలు పెరగలేదు.

1919 మే 15న విన్నిపెగ్ నగరంలో సుమారు 30 వేల మంది కార్మికులు సార్వత్రిక సమ్మెకు దిగారు. సామూహిక బేరసారాల హక్కు, మెరుగైన కూలి వారి డిమాండ్లు. ఇది విదేశీ బోల్షివిక్కుల కుట్ర అని వ్యాపార వర్గాలు ప్రచారం చేశాయి. నిజానికి సమ్మె నాయకుల్లో అత్యధికులు బ్రిటన్‌లో పుట్టినవారే. అందుకే బ్రిటన్‌లో పుట్టినవారిని సైతం దేశం నుంచి పంపివేయడానికి వీలుగా పార్లమెంటు వలస చట్టాన్ని ఒక్క రోజులో సవరించింది. జూన్ 21న పోలీసుల కాల్పులు, దాడిలో ఇద్దరు మరణించారు. ఐదు రోజుల తర్వాత సమ్మె ముగిసింది. ఆ ఏడాదే శిక్షాస్మృతిలో 98వ సెక్షన్ చేరింది. ప్రభుత్వం చట్టవిరుద్ధమని భావించిన సంస్థలో సభ్యుడైతే 20 ఏళ్ల వరకు జైలు. ఆ సంస్థ సభకు హాజరైనా, దాని సాహిత్యం పంచినా సభ్యుడిగానే పరిగణిస్తారు. కాదని నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే. ఈ తరహా చట్టాలు మన పాఠకులకు కొత్త కావు.

రైతుల ఆగ్రహం వేరే దారి పట్టింది. తూర్పు రాష్ట్రాల పరిశ్రమలను కాపాడే దిగుమతి సుంకాల వల్ల తాము ఖరీదైన యంత్రాలు కొనవలసి వస్తోందనీ, తమ గోధుమలను మాత్రం రక్షణ లేని ప్రపంచ మార్కెట్లో అమ్ముకోవలసి వస్తోందనీ పశ్చిమ రైతుల ఫిర్యాదు. 1919లో ఒంటారియోలో, 1921లో ఆల్బర్టాలో రైతు సంఘాలే అధికారంలోకి వచ్చాయి. 1921 సమాఖ్య ఎన్నికల్లో రైతుల ప్రోగ్రెసివ్ పార్టీ రెండో స్థానంలో నిలిచింది. అంతవరకు రెండు పార్టీలే ఏలిన సభలో ఇది పెద్ద కుదుపు. తొలి మహిళా ఎంపీ ఆగ్నెస్ మెక్‌ఫెయిల్ ఆ ఎన్నికల్లోనే గెలిచారు. విన్నిపెగ్ సమ్మెలో అరెస్టయిన మాజీ మతబోధకుడు జె.ఎస్. వుడ్స్‌వర్త్ కూడా అప్పుడే సభలో అడుగుపెట్టారు.

వుడ్స్‌వర్త్ చేతిలో ఉన్నది రెండు ఓట్లు, ఒకటి తనది, మరొకటి సహచరుడు ఎ.ఎ. హీప్స్‌ది. 1926 ఆరంభంలో కింగ్ ప్రభుత్వం మెజారిటీ లేక ఊగిసలాడుతున్నప్పుడు ఆ రెండు ఓట్లకు ప్రతిగా ఆయన వృద్ధాప్య పింఛను అడిగారు. 1927లో చట్టం వచ్చింది. 70 ఏళ్లు దాటిన నిరుపేదలకు నెలకు గరిష్ఠంగా 20 డాలర్లు. ఆదివాసులను అందులోంచి మినహాయించారు. ఖర్చులో సగం రాష్ట్రాలు భరించాలన్న షరతు ఉంది. ఆ సగం తెచ్చుకోలేని అట్లాంటిక్ తీర రాష్ట్రాలు 1933 తర్వాత గానీ పథకంలో చేరలేదు. పేద రాష్ట్రంలో పుట్టిన వృద్ధుడికి జాతీయ పథకం ఆరేడేళ్లు ఆలస్యంగా చేరిందన్నమాట. రాబోయే దశాబ్దంలో జరగబోయేది ఇక్కడే కనిపించింది.

గోధుమ మీద నిలిచిన దేశం

1920ల రెండో భాగంలో కెనడా సంపన్నంగా కనిపించింది. ఆ సంపద గోధుమ, కలప, కాగితపు గుజ్జు, ఖనిజాల ఎగుమతుల మీద నిలిచి ఉంది. ప్రపంచ వాణిజ్యం ముడుచుకుపోగానే పునాదే కదిలింది. సుమారు 27 కిలోలు తూగే బుషెల్ గోధుమ 1929లో ఒక డాలరుకు పైగా పలికేది. 1932 చివరికి 40 సెంట్ల కంటే దిగువకు పడిపోయింది. రైతులు తమ సహకార గోధుమ పూళ్ల ద్వారా పంట అమ్ముకునేవారు. 1929 పంటకు అవి బుషెల్‌కు డాలరు చొప్పున ముందే చెల్లించాయి. అమ్మబోయేసరికి అంత ధర రాలేదు. పూళ్ల అప్పులకు హామీ ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వాల ఖజానాలపై ఆ భారం పడింది.

దానిపై ప్రకృతి కూడా పగబట్టింది. దక్షిణ సస్కాచెవాన్, ఆల్బర్టాలలో ఏళ్ల తరబడి వానల్లేవు. పైమట్టి గాలికి ఎగిరిపోయింది. మిగిలిన పైరును మిడతలు తినేశాయి. 1937లో సస్కాచెవాన్ పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. గ్రామీణ జనాభాలో మూడింట రెండు వంతుల మంది ప్రభుత్వ సహాయం మీద బతికారు. తూర్పు తీరం నుంచి రైళ్లలో ఎండు కాడ్ చేపలు పంపితే, వాటిని ఎలా వండాలో మైదాన ప్రాంతపు కుటుంబాలకు తెలియలేదు. పెట్రోలు కొనలేని రైతులు కార్ల ఇంజన్లు తీసేసి వాటికి గుర్రాలు కట్టారు. కొత్త ప్రధాని పేరు మీద ఆ బళ్లకు 'బెన్నెట్ బగ్గీ' అని పేరు పెట్టారు.

దేశం మొత్తం మీద 1929 నుంచి 1933 మధ్య జాతీయోత్పత్తి విలువ సుమారు 40 శాతం పడిపోయింది. 1933లో పనిచేయగలవారిలో నలుగురిలో ఒకరికి మించి నిరుద్యోగులు. కోటికి కాస్త పైబడిన జనాభాలో దాదాపు 15 లక్షల మంది సహాయం మీద ఆధారపడ్డారు.

పురపాలక సంఘం గుమ్మంలో

ఆ సహాయం ఎలా అందేదో చూడాలి. ఆకలిగొన్న కుటుంబం మొదట వెళ్లవలసింది పురపాలక సంఘానికి. పట్టణ సంఘాల ఆదాయం ఇంటిపన్ను, స్థలం పన్ను. ఉద్యోగం పోయినవాడు ఇంటిపన్ను కట్టలేడు. కనుక సహాయం కోరేవారు పెరిగినకొద్దీ సహాయం చేయగల శక్తి తగ్గుతుంది. బ్రిటిష్ కొలంబియాలోని బర్నబీ వంటి పురపాలికలు దివాలా తీశాయి. ఎన్నికైన పాలకవర్గం పోయి ప్రభుత్వం నియమించిన కమిషనర్ పాలన వచ్చింది.

భారం తగ్గించుకోవడానికి ప్రతి పట్టణం షరతులు పెట్టింది. నిర్ణీత కాలం ఆ ఊళ్లో నివాసమున్నట్టు రుజువు చూపాలి. కొన్నిచోట్ల కారు లైసెన్సు, టెలిఫోను వదులుకోవాలి. నగదు బదులు నిర్ణీత దుకాణాల్లో చెల్లే చీటీలు ఇచ్చేవారు. ఒంటరి యువకులకు చాలాచోట్ల ఏమీ దక్కేది కాదు. వారు సరకు రవాణా రైళ్ల పైకప్పులెక్కి ఊరూరూ తిరిగారు. ఎక్కడికి వెళ్లినా వారు ఆ ఊరివారు కారు.

వలస వచ్చినవారి గతి మరీ హీనం. సహాయం కోరితే ప్రజల మీద భారంగా మారినట్టు లెక్క, దేశం నుంచి పంపివేయడానికి అది చాలు. పురపాలక సంఘాలే ఆ పేర్లు అందించాయి. 1930-35 మధ్య వివిధ కారణాలతో మొత్తం 25 వేల మందికి పైగా బహిష్కృతులయ్యారు. చైనా నుంచి వలసను 1923లోనే దాదాపు పూర్తిగా నిషేధించారు. అప్పటికే ఉన్న చైనీయులకు ఆల్బర్టాలో ఇచ్చిన సహాయం ఇతరులకు ఇచ్చిన దానిలో సగం కూడా లేదు. బ్రిటిష్ కొలంబియాలో స్థిరపడిన భారతీయులు 1907 నుంచి ఓటు హక్కు లేకుండా ఉన్నారు. అది 1947లో గానీ తిరిగి రాలేదు. కెనడాలో ఆకలి రాజకీయాలను మార్చిందని చెప్పుకునేటప్పుడు, ఆ మార్పులో పాలుపంచుకునే హక్కే లేని వారు కూడా ఆ ఆకలిని అనుభవించారని గుర్తుంచుకోవాలి.

కింగ్‌ను ఓడించి అధికారంలోకి వచ్చిన కన్సర్వేటివ్ నాయకుడు ఆర్.బి. బెన్నెట్ కోటీశ్వరుడు. సుంకాలనే ఆయుధంగా చేసుకుని ప్రపంచ మార్కెట్లలోకి దూసుకుపోతానని వాగ్దానం చేశారు. వెంటనే నిరుద్యోగ సహాయానికి 2 కోట్ల డాలర్లు కేటాయించారు. కానీ అది రాష్ట్రాలకు, పట్టణాలకు అత్యవసర సాయమే తప్ప కేంద్రం బాధ్యత తీసుకోవడం కాదు. 1932లో ఒట్టావాలో బ్రిటిష్ సామ్రాజ్య ఆర్థిక సమావేశం జరిపి పరస్పర సుంకాల రాయితీల ఒప్పందాలు కుదిర్చారు. సర్ అతుల్ చటర్జీ నాయకత్వంలో భారత ప్రతినిధివర్గం కూడా అక్కడికి వెళ్లింది. వేలాదిమంది నిరుపేదలు బెన్నెట్‌కు ఉత్తరాలు రాసేవారు. చలికోటు లేదనీ, పిల్లలకు చెప్పులు లేవనీ రాసినవారికి ఆయన తరచూ సొంత డబ్బు నుంచి రెండు, ఐదు డాలర్ల నోట్లు పంపేవారు. వ్యక్తిగా అది దయ. దేశ ప్రధానికి సొంత జేబు నుంచి తప్ప మరో మార్గం నుంచి పౌరుడికి సాయం చేయడం సాధ్యం కాకపోవడం వ్యవస్థ వైఫల్యం.

రోజుకు 20 సెంట్లు

ఊరూరూ తిరిగే ఒంటరి యువకులు విప్లవానికి ముడిసరుకవుతారని ప్రభుత్వం భయపడింది. సైన్యాధిపతి జనరల్ మెక్‌నాటన్ సూచన మేరకు 1932 అక్టోబరులో రక్షణ శాఖ ఆధ్వర్యంలో సహాయ శిబిరాలు వెలిశాయి. అడవుల్లో, నగరాలకు దూరంగా రోడ్లు, విమానాశ్రయాలు నిర్మించే పని. వారానికి 44 గంటలు శ్రమిస్తే తిండి, బస, రోజుకు 20 సెంట్లు. 1936లో మూసేనాటికి 1,70,000 మందికి పైగా ఈ శిబిరాల్లో గడిపారు.

మరోపక్క అణచివేత సాగింది. 1931 ఆగస్టులో కమ్యూనిస్టు నాయకుడు టిమ్ బక్‌ను, మరో ఏడుగురిని 98వ సెక్షన్ కింద అరెస్టు చేశారు. సెప్టెంబరులో ఎస్టెవాన్‌లో బొగ్గుగని కార్మికుల ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురిని చంపారు. జైల్లో ఉన్న టిమ్ బక్ గదిలోకి 1932లో తుపాకీ పేల్చారు. ఆయన ప్రాణాలతో బయటపడి మరింత పేరు పొందారు. సోషలిజం, కమ్యూనిజాలను ఉక్కుపాదంతో అణచాలని బెన్నెట్ బహిరంగంగానే పిలుపునిచ్చారు.

1935 ఏప్రిల్‌లో శిబిరాల యువకులు సమ్మె కట్టి వాంకూవర్ చేరారు. సరైన కూలి, శిబిరాలపై సైనిక అధికారం తొలగింపు, ఓటు హక్కు వారి కోరికలు. రెండు నెలలైనా నగరం, రాష్ట్రం, కేంద్రం ఒకరినొకరు చూపించుకోవడం తప్ప జవాబు రాలేదు. జూన్ 3న వారు సరకు రైళ్లెక్కి రాజధాని ఒట్టావాకు బయలుదేరారు. దారిలో రెజైనాలో కేంద్రం వారిని నిలిపివేసింది. నాయకుడు ఆర్థర్ ఎవాన్స్‌తో సహా ఎనిమిది మంది ప్రతినిధులు వెళ్లి బెన్నెట్‌ను కలిశారు. ఎవాన్స్ సంఘం నిధులు కాజేశాడని ప్రధాని అన్నారు, ప్రధాని అబద్ధాలకోరని ఎవాన్స్ ముఖం మీదే అన్నాడు. జులై 1న, అంటే కెనడా జాతీయ దినోత్సవం నాడు, రెజైనాలో జరుగుతున్న సభపై పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ ఘర్షణలో ఒక డిటెక్టివ్ మరణించాడు. గాయపడిన యాత్రికుల్లో ఒకరు తర్వాత చనిపోయాడు. యాత్ర ఆగిపోయింది. మూడున్నర నెలల తర్వాత బెన్నెట్ ప్రభుత్వం కూడా పోయింది.

కొత్త జెండాలు

పాత పార్టీల మీద నమ్మకం పోయినచోట కొత్త జెండాలు లేచాయి. 1932లో కాల్గరీలో రైతు, కార్మిక, సోషలిస్టు బృందాలు కలిసి కోఆపరేటివ్ కామన్‌వెల్త్ ఫెడరేషన్‌ను స్థాపించాయి. వుడ్స్‌వర్త్ దాని నాయకుడు. ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ, సామాజిక బీమా, ప్రజారోగ్య సేవలను కోరుతూ 1933లో రెజైనా ప్రణాళిక వెలువడింది.

పక్కనే ఉన్న ఆల్బర్టా మరో తోవ పట్టింది. కాల్గరీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, రేడియో మత ప్రబోధకుడు విలియం ఆబర్‌హార్ట్ ప్రతి వయోజనుడికి నెలకు 25 డాలర్ల సామాజిక పరపతి ఇస్తానన్నారు. 1935 ఆగస్టులో ఆయన సోషల్ క్రెడిట్ పార్టీ 63 స్థానాల్లో 56 గెలిచింది. 14 ఏళ్లుగా ఏలిన రైతు సంఘానికి ఒక్క స్థానం కూడా దక్కలేదు. 25 డాలర్లు ఎవరికీ అందలేదు. విమర్శించిన పత్రికలను ప్రభుత్వ ప్రకటనలు యథాతథంగా ప్రచురించాలని, వార్త ఎవరు చెప్పారో వెల్లడించాలని నిర్బంధిస్తూ 1937లో చట్టం తెచ్చారు. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ చట్టాన్ని ఎదిరించినందుకు ఎడ్మంటన్ జర్నల్ పత్రికకు పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు లభించింది. క్యుబెక్‌లో 1936లో అధికారంలోకి వచ్చిన మారిస్ డ్యుప్లెసిస్ కమ్యూనిస్టు ప్రచారం పేరుతో ఇళ్లకు తాళం వేసే చట్టం చేశారు. దానికి విముక్తి 1957లో గానీ కలగలేదు. ఆకలి నుంచి పుట్టే రాజకీయం ఎప్పుడూ ఒకే దిశలో నడవదని చెప్పడానికి ఈ మూడు రాష్ట్రాలు చాలు.

బెన్నెట్ మంత్రివర్గం నుంచే హ్యారీ స్టీవెన్స్ బయటికి వచ్చి రీకన్‌స్ట్రక్షన్ పార్టీ పెట్టారు. పెద్ద కంపెనీల ధరల దోపిడీని బయటపెట్టి చిరువ్యాపారుల మన్నన పొందిన నాయకుడాయన. 1914లో కోమగాట మారు ఓడలోని భారతీయులను వాంకూవర్ తీరంలో అడుగుపెట్టనివ్వరాదని ఉద్యమించిన ఎంపీ కూడా ఆయనే. 1935 అక్టోబరు 14న ఎన్నికలు జరిగాయి. 'కింగా? అరాచకమా?' అన్న నినాదంతో లిబరళ్లు 245 స్థానాల్లో 170కి పైగా గెలిచారు. కన్సర్వేటివులు 40 దగ్గర ఆగిపోయారు. సుమారు 9 శాతం ఓట్లతో వుడ్స్‌వర్త్ పార్టీకి 7, దాదాపు అన్నే ఓట్లతో స్టీవెన్స్ పార్టీకి 1, ఒక ప్రాంతంలో కేంద్రీకృతమైన 4 శాతం ఓట్లతో సోషల్ క్రెడిట్‌కు 17 స్థానాలు వచ్చాయి. మన ఎన్నికల లెక్కలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం కలగదు.

లండన్ తీర్పు, ఒట్టావా నివేదిక

ఓటమికి ముందు బెన్నెట్ చివరి ప్రయత్నం ఒకటి చేశారు. 1935 జనవరిలో రేడియో ప్రసంగాల్లో తన 'న్యూ డీల్' ప్రకటించారు. కనీస వేతనం, పని గంటల పరిమితి, నిరుద్యోగ బీమా చట్టాలు తెచ్చారు. కింగ్ వాటిని న్యాయస్థానాల పరిశీలనకు పంపారు. అప్పట్లో తుది తీర్పు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌ది. ఇవి రాష్ట్రాల పరిధిలోని అంశాలనీ, అంతర్జాతీయ ఒప్పందం పేరు చెప్పి కూడా కేంద్రం అందులోకి చొరబడరాదనీ 1937 జనవరిలో అది కీలక చట్టాలను కొట్టేసింది. ఫలితంగా నిరుద్యోగ బీమా పెట్టగల డబ్బున్న ప్రభుత్వానికి అధికారం లేదు, అధికారమున్న ప్రభుత్వాలకు డబ్బు లేదు.

ఐదు సెంట్లు ఇవ్వనన్న కింగ్ ప్రభుత్వమే ఆ ఏడాది కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై రోవెల్-సిరోయ్ కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. దాని నివేదిక 1940లో వచ్చింది. నిరుద్యోగ సహాయాన్నీ రాష్ట్రాల అప్పులనూ కేంద్రం స్వీకరించాలి, ఆదాయపు పన్నును కేంద్రమే వసూలు చేయాలి, పేద రాష్ట్రాలు సగటు స్థాయి సేవలు అందించగలిగేలా గ్రాంట్లు ఇవ్వాలి అని సూచించింది. అన్ని రాష్ట్రాల సమ్మతితో ఆ సంవత్సరమే రాజ్యాంగాన్ని సవరించి నిరుద్యోగ బీమాను కేంద్రానికి అప్పగించారు. మిగతా సిఫారసులను ఒంటారియో, ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియా ముఖ్యమంత్రులు 1941లో తిరస్కరించారు. రాష్ట్రాల మధ్య సమీకరణ నిధులు 1957లో వచ్చాయి, 1982లో ఆ సూత్రం రాజ్యాంగంలో చేరింది. అంటే 1930లో లేచిన ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

మన రాజ్యాంగం, మన ఐదు సెంట్లు

మన రాజ్యాంగ నిర్మాతలు కెనడాను శ్రద్ధగా చదివారు. 'యూనియన్' అన్న పదాన్ని 1867 నాటి కెనడా చట్టం భాషను అనుసరించి స్వీకరించినట్టు అంబేద్కర్ ముసాయిదాను సమర్పిస్తూ రాశారు. అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు పార్లమెంటు ఏ అంశంపైనైనా చట్టం చేయవచ్చనే 253వ అధికరణం, లండన్ తీర్పు కెనడాలో సృష్టించిన చిక్కు మనకు లేకుండా చేసింది. ఉపాధి, నిరుద్యోగం, సామాజిక బీమా అంశాలు ఉమ్మడి జాబితాలో 23వ పద్దుగా ఉన్నాయి. ఆర్థిక సంఘం రాజ్యాంగబద్ధ సంస్థ. కాబట్టి ఆకలి తమ పరిధిలోకి రాదని చెప్పే వీలు మన కేంద్రానికీ లేదు, మన రాష్ట్రాలకూ లేదు.

అయినా ఐదు సెంట్ల మాట మనకు దూరమేమీ కాదు. 2022 మార్చి నుంచి పశ్చిమ బెంగాల్‌కు జాతీయ ఉపాధి హామీ నిధులు నిలిచిపోయాయి. నిబంధనల ఉల్లంఘన, అక్రమాలు కారణమని కేంద్రం చెప్పింది, రాజకీయ కక్ష అని రాష్ట్రం ఆరోపించింది. అక్రమాలు జరిగితే బాధ్యులను శిక్షించవలసిందే. కానీ ఆ వాదనలు సాగినన్నాళ్లూ మట్టి తవ్విన కూలీకి కూలి రాలేదు. అతడు ఏ పార్టీకి ఓటు వేశాడన్నది అతడి ఆకలికి సంబంధం లేని విషయం.

కెనడా తన తప్పును దిద్దుకోగలిగింది నిజమే. అది పాలకుల ఔదార్యం వల్ల మాత్రం కాదు. రెండు ఓట్లతో పింఛను సాధించిన ఎంపీ, సరకు రైళ్లెక్కిన శిబిరాల కూలీలు, పాత పార్టీలను నిలదీసిన రైతులు ఆ దిద్దుబాటుకు కారకులు. 98వ సెక్షన్ సైతం 1936లో రద్దయింది. ఏ ప్రభుత్వం చెల్లించాలన్న వివాదం నడుస్తున్నప్పుడు ఆకలిగొన్నవారికి ముందు చెల్లించి, లెక్కలు తర్వాత తేల్చుకోవాలి. 1930 ఏప్రిల్ 3న కింగ్ ఈ పని చేసి ఉంటే ఎంతమంది యువకులు రైలు పైకప్పులెక్కకుండా ఉండేవారో చెప్పలేం. మనం చేయగలిగింది, అదే మాట మన పార్లమెంటులో ఎవరైనా అన్నప్పుడు, ఏ పార్టీవారైనా సరే, ఒప్పుకోకపోవడం.